యశికా మ్యాట్-124జి: షట్టర్ విన్నాకే డబ్బులివ్వండి

బెంగళూరు అవెన్యూ రోడ్డు దగ్గర ఓ పాత కెమెరాల షాపులో ఈ రెండు లెన్సుల ఫిల్మ్ కెమెరా తీసుకున్నాను. పక్కనే రోలీకార్డ్ అనే ఇలాంటి కెమెరా కూడా ఉంది కానీ, నాబ్ తిప్పుతూ ఫిల్మ్ జరపడం నాకు విసుగు. దీనికి క్రాంక్ (తిప్పే పిడి) ఉంది, చకచకా పని అవుతుంది.

"మీటర్ సూపర్ సార్" అన్నాడు షాపాయన, వెలుతురు కొలిచే మీటర్ గురించి. దాన్ని చూసి ఎక్కువ ధర ఇవ్వొద్దు. అది 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి చేసిన మీటర్, ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. నేను ఫోన్ యాప్‌తో కానిచ్చేస్తున్నా.

అసలు చూడాల్సింది షట్టర్. వెనక తలుపు తెరిచి, షట్టర్ స్పీడు 1 సెకను మీద పెట్టి నొక్కండి. ముందు చూపించిన పీసులో బ్లేడ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. తర్వాత లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ వెతకండి.

80 ఎంఎం లెన్స్ ఎఫ్/8 (లెన్సు రంధ్రం సైజు) దగ్గర భలే షార్ప్. 120 సైజు ఫిల్మ్ రోలుకి వచ్చేది 12 ఫొటోలే. ఫ్రేమ్ చూసుకునే ఫైండర్‌లో కుడి ఎడమలు తారుమారు కాబట్టి, పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే మాత్రం ఇది దండగ.