అమెరికా సిటిజన్‌షిప్ పరీక్షకు 128 ప్రశ్నల ఉచిత పీడీఎఫ్: ఎంతవరకు సరిపోతుంది?

సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ తన వెబ్‌సైటులో ఉచితంగా పెట్టిన 128 సివిక్స్ (అమెరికా ప్రభుత్వం, చరిత్ర) ప్రశ్నల పీడీఎఫ్ ఉండగా కోచింగుకో, గైడు పుస్తకానికో డబ్బు పెట్టడం దండగ. సివిక్స్ పరీక్షలో అడిగే ప్రతి ప్రశ్నా ఇందులోదే, బయటినుంచి ఒక్కటీ రాదు. ఏ జవాబులు చెల్లుతాయో కూడా ప్రశ్న కిందే ఉంటుంది. 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, ఇది ప్రశ్నల పట్టిక మాత్రమే, పాఠం కాదు. ఇండియాలో సివిక్స్ చదువుకుని వచ్చినవాళ్లకు ఆ లోటు ఇంకాస్త ఎక్కువగా తగులుతుంది.

ముందు ఏ జాబితా మీదో తేల్చుకోండి. సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 దరఖాస్తు 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ వేసినవాళ్లకు ఈ 128 ప్రశ్నలు. అంతకుముందు వేసి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు 2008 నాటి 100 ప్రశ్నలే. చూసేది దరఖాస్తు తేదీని, ఇంటర్వ్యూ తేదీని కాదు. వాట్సాప్‌లో చేతులు మారే పీడీఎఫ్‌లు, పాత యూట్యూబ్ వీడియోలు చాలావరకు 100 ప్రశ్నలవే. మీరు 128 ప్రశ్నల వాళ్లయితే, మొదటి పేజీలో 2025 వెర్షన్ అని లేనివాటిని పక్కన పెట్టేయండి.

పరీక్ష నోటితోనే. ఆఫీసర్ 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెబితే పాస్. 12 ఒప్పులు అయినా, 9 తప్పులు పడినా అక్కడితో ఆపేస్తారు. పాత పరీక్షలో 10 అడుగుతారు, 6 చాలు. శాతం మారలేదు గానీ, సులువైనవి తగిలి గట్టెక్కే అదృష్టం ఇప్పుడు తక్కువ.

ప్రశ్నల్లో 1 నుంచి 72 దాకా ప్రభుత్వం, హక్కులు. 73 నుంచి 118 దాకా చరిత్ర. మిగిలిన పది జెండా, సెలవులు వగైరా. చరిత్ర చాలావరకు బట్టీకి లొంగుతుంది. మొదటి 72 అంత తేలిగ్గా లొంగవు, ఎందుకంటే వాటిలో "ఎందుకు" అని అడిగేవి బాగానే ఉన్నాయి. మూడు శాఖలు ఎందుకు? ప్రతినిధుల పదవీకాలం సెనేటర్ల కంటే తక్కువ ఎందుకు? సుప్రీంకోర్టు జడ్జీలు జీవితాంతం ఎందుకు ఉంటారు? పీడీఎఫ్ ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంటుంది. ఆ ముక్క నిలవాలంటే వెనకున్న ఏర్పాటు తెలియాలి.

మనకు అలవాటైన పద్ధతి అడ్డొచ్చేదీ ఇక్కడే. రాజ్యసభలో తెలంగాణకు 7, ఆంధ్రప్రదేశ్‌కు 11, ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు. సెనేట్‌లో అలా కాదు: కాలిఫోర్నియాకూ ఇద్దరే, వయోమింగ్‌కూ ఇద్దరే. 1787లో చిన్న రాష్ట్రాలు పట్టుబట్టి సాధించుకున్న రాజీ అది. జనాభా లెక్క నడిచేది 435 మంది ఉండే ప్రతినిధుల సభ, అంటే హౌస్‌లో. అక్కడ పదవీకాలం రెండేళ్లే కాబట్టి సభ్యుడు ఎప్పుడూ ఓటరు మాట వింటూ ఉండాలి. సెనేటర్‌కు ఆరేళ్లు.

గవర్నర్ అనగానే రాజ్‌భవన్‌లో ఉండే నియామకపు పదవి గుర్తొస్తే పొరపాటే. ఇక్కడ గవర్నర్ ఓట్లతో గెలిచి, మన ముఖ్యమంత్రిలా రాష్ట్రాన్ని నడిపే మనిషి. ప్రెసిడెంట్ కాంగ్రెస్ (సెనేట్, హౌస్ కలిసిన చట్టసభ) సభ్యుడు కాడు, అవిశ్వాసంతో ఆయన ప్రభుత్వం పడిపోదు. కేబినెట్‌లోకి వెళ్లే సెనేటర్ ముందు సెనేట్ వదులుకోవాలి. మన దగ్గర మంత్రి కావాలంటే ఆరు నెలల్లో సభలోకి రావాలి, సరిగ్గా తిరగేసి. ఈ నాలుగు తేడాలు పట్టుబడితే "మూడు శాఖలు ఎందుకు" అన్నదానికి జవాబు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, దానంతటదే నోటికొస్తుంది.

కేంద్రానికి మాత్రమే ఉన్న అధికారం ఒకటి, రాష్ట్రాలకు మాత్రమే ఉన్నది ఒకటి చెప్పమంటారు. నోట్లు అచ్చువేయడం, యుద్ధం ప్రకటించడం, విదేశాలతో ఒప్పందాలు ఫెడరల్ ప్రభుత్వానివి. బడులు, పోలీసు, డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్రాలవి. మన ఉమ్మడి జాబితా లాంటిది ఇక్కడి రాజ్యాంగంలో లేదు. ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వనివీ, రాష్ట్రాలకు నిషేధించనివీ రాష్ట్రాలకో ప్రజలకో మిగులుతాయని పదో సవరణ చెబుతుంది. దాని మీద కూడా ఒక ప్రశ్న ఉంది. సవరణలు మొత్తం 27 మాత్రమే, చివరిది 1992లో. మన రాజ్యాంగానికి వంద దాటాయి కదా, ఇంత తక్కువేమిటని అనిపిస్తే, ఉభయసభల్లో మూడింట రెండు వంతులతో పాటు 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలన్న సంగతి గుర్తుంచుకోండి.

హక్కుల భాగాన్ని పరీక్ష కోసమే కాక బతుకు కోసం కూడా చదవాలి. దేశంలో ఉన్న అందరికీ చెందే హక్కులు మూడు చెప్పమంటారు: మాట్లాడే స్వేచ్ఛ, మతస్వేచ్ఛ, గుమిగూడే హక్కు, ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు, ఆయుధం కలిగి ఉండే హక్కు వీటిలోవి. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు మాత్రం సిటిజన్లకే. ఈ తేడా ఎక్కడ కొంప ముంచుతుందంటే, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో. లైసెన్సు ఫారంతో పాటే ఓటరు నమోదు గడి వస్తుంది. సిటిజన్ అని టిక్ పెట్టి నమోదైన గ్రీన్‌కార్డుదారుకు తర్వాత ఎన్-400లోనే "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అన్న ప్రశ్న ఎదురవుతుంది. దేశం నుంచి పంపేసే కేసు దాకా వెళ్లగల విషయం ఇది. అలా జరిగి ఉంటే దరఖాస్తు వేసే ముందే లాయర్‌ని కలవండి. పీడీఎఫ్ దీని గురించి ఒక్క మాటా చెప్పదు.

ప్రాక్టీస్ టెస్టులతో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కేవి. అసలు పరీక్షలో జవాబులు కనిపించవు. తెరమీద నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లు ఆఫీసర్ ముందు తడబడేది అందుకే. ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడకుండా చెప్పడమే సరైన సాధన. రెండు చెప్పమంటే రెండూ, మూడు చెప్పమంటే మూడూ చెప్పాలి. ఒకటి తగ్గితే ప్రశ్న మొత్తం పోతుంది. అలాగని కింద ఇచ్చిన అరడజను జవాబులూ నేర్చుకోనక్కర్లేదు, నోరు తిరిగేవి ఎంచుకోండి.

సెనేటర్, ప్రతినిధి, గవర్నర్, స్పీకర్ లాంటి పేర్లు పీడీఎఫ్‌లో ఉండవు. ఇంటర్వ్యూ రోజున పదవిలో ఉన్నవాళ్ల పేరే చెప్పాలి. నవంబరులో గెలిచిన కాంగ్రెస్ సభ్యులు జనవరి 3 దాకా పదవిలోకి రారు, ఆ మధ్యలో ఇంటర్వ్యూ పడితే పాత పేరే జవాబు. ఇల్లు మారితే ప్రతినిధి మారొచ్చు.

అమ్మానాన్నల విషయంలో ఒక అపోహ బాగా పాకింది: 65 దాటితే ఇంగ్లీషు అక్కర్లేదని. వయసొక్కటే చాలదు. 65 నిండి, గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లకే నక్షత్రం (*) గుర్తున్న 20 ప్రశ్నల చిన్న జాబితా. అందులో 10 అడుగుతారు, 6 చాలు. 50 ఏళ్ల వయసుతో 20 ఏళ్ల గ్రీన్‌కార్డు, లేదా 55తో 15 ఏళ్లు ఉంటే ఇంగ్లీషు మినహాయింపు దొరుకుతుంది గానీ 128 ప్రశ్నలూ చదవాల్సిందే, తెలుగులో చెప్పొచ్చు. దుబాసీని వెంట తీసుకెళ్లడం దరఖాస్తుదారు బాధ్యతే. తెలుగులో అధికారిక ప్రతి లేదు కాబట్టి ఇంట్లోవాళ్లే రాసిపెట్టాలి. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లే అయిన 72 ఏళ్ల తల్లికి ఇవేవీ వర్తించవు. డాక్టరు నింపే ఎన్-648 మినహాయింపు ఫారం వైకల్యానికి మాత్రమే, ముసలితనానికి కాదు.

ఇంగ్లీషు అవసరమైనవాళ్లకు చదవడం, రాయడం సమస్య కాదు: మూడు వాక్యాల్లో ఒకటి చదివితే, మూడింట్లో ఒకటి రాస్తే చాలు. మాట్లాడే పరీక్ష ఎన్-400 మీద అడిగే ప్రశ్నలతోనే జరిగిపోతుంది, పెద్దవాళ్లు ఆగిపోయేదీ అక్కడే. "టోటలిటేరియన్", "పర్సిక్యూట్" లాంటి మాటలకు అర్థం అడిగితే సొంత మాటల్లో చెప్పగలగాలి. దీనికి ఈ పీడీఎఫ్ పనికిరాదు, నింపిన ఫారాన్నే ముందు పెట్టుకుని సాధన చేయించండి. ఫెయిలైతే 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పిలుస్తారు, పోయిన భాగం వరకే. రెండోసారీ పోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. కొత్త ఎన్-400కు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద వేస్తే 760.