వాల్పారైలో మా క్రిస్మస్: తేయాకు తోటలో నాలుగు రాత్రులున్న ఇల్లు

డిసెంబరు 24 రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోరు. అరిసెలు, కజ్జికాయలు డబ్బాల్లోకి సర్దేసి, పిల్లలకి కొత్తబట్టలు తొడిగి, అర్ధరాత్రి ఆరాధనకి వెళ్లడం మా అత్తయ్య కాపరానికొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. కిందటి ఏడు మాత్రం ఆ రాత్రి మేం విజయనగరంలో లేము. వర్షారణ్యం గురించి పాఠంలో చదివిన మా అబ్బాయి దాన్ని కళ్లారా చూడాలని పట్టుబట్టాడు. దాంతో అందరం తమిళనాడులో పశ్చిమ కనుమల్లోని వాల్పారై వెళ్లి, అక్కడ తేయాకు తోట మధ్యనున్న ఒక హోమ్‌స్టేలో దిగాం.

విజయనగరంలో బొకారో ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే మర్నాడు కోయంబత్తూరులో దిగిపోవచ్చు. అక్కడి నుంచి పొల్లాచ్చి మీదుగా టాక్సీ. ఆళియారు డ్యాం దాటాక ఘాట్‌లో 40 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ప్రతి మలుపుకీ నెంబరు బోర్డు ఉంటుంది. తొమ్మిదో మలుపు దగ్గర రాళ్ల మీద నీలగిరి కొండమేకలు కనిపించాయి. పదిహేడో మలుపు దగ్గర మా పాప వాంతి చేసుకుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కకండి. రెండు ఇడ్లీలు చాలు.

మాకు టికెట్లు చేసిన ట్రావెల్ ఏజెంటు "అడవి లోపలికి ట్రెక్కింగ్ కూడా ఉంది" అని మనిషికి 800 కట్టించుకున్నాడు. హోమ్‌స్టే ఆయన మా సామాను దించుతూనే ఆ మాట కొట్టిపారేశారు. చుట్టూ ఉన్నది ఆనమలై పులుల అభయారణ్యమనీ, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదనీ, తాము ఎవరినీ తీసుకెళ్లమనీ చెప్పారు. మా అబ్బాయి ముఖం వాడిపోయింది. నాకూ ఒళ్లు మండింది, కానీ ఆయన మీద కాదు. వచ్చిన గిరాకీని పోగొట్టుకోకూడదని అబద్ధమాడని మనిషి దొరికాడనిపించింది.

"వరండాలో కూర్చోండి, అడవే వస్తుంది" అన్నారాయన. ఇంటి ముందు తేయాకు మొక్కలు, వాటి వెనక చీకటిగా దట్టమైన చెట్ల గోడ. బ్రిటిష్ వాళ్ల కాలంలో తోటల కోసం అడవి నరికేయగా, మధ్యమధ్య మిగిలిపోయిన ముక్కల్లో అదొకటట. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు అక్కడ ఇలా పాడైన ముక్కల్లో స్థానిక జాతుల మొక్కలు నాటి, అడవిని మళ్లీ పెంచుతున్నారు.

రెండో రోజు పొద్దున్న కాఫీ తాగుతుంటే నెత్తిమీద ఏదో చప్పుడు. "ఓలమ్మ, ఈ సప్పుడేటే? సేటతో ధాన్యం చెరిగినట్టుంది!" అన్నారు అత్తయ్య. నిజంగా అలాగే ఉంది, ఒక్కో రెక్క విసురుకీ ఒక్కో చెరుగు. తలెత్తి చూస్తే హార్న్‌బిల్ పక్షి. పసుపుపచ్చ ముక్కు, దాని మీద టోపీ పెట్టినట్టు ఇంకో ముక్క. మర్రి జాతి చెట్టు మీద వాలి, ముక్కు కొసతో పండు తెంపి, పైకెగరేసి, గొంతులోకి జారవిడుచుకుంటోంది. ఆ గింజలే ఎక్కడో దూరాన పడి చెట్లవుతాయని ఆయన చెబుతుంటే, మా అబ్బాయి ట్రెక్కింగ్ మాటే మరిచిపోయాడు. ముప్పావుగంట కదల్లేదు.

సింహపు తోక కోతుల్ని పుదుతోట్టం ఎస్టేటు రోడ్డు పక్కన చూశాం. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ వెండి జూలు. పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అవి సహజంగా బతకవు. వాహనాల కింద పడకుండా వాటి కోసం రోడ్డుకి పైన చెట్టు నుంచి చెట్టుకి వేలాడే వంతెనలు కట్టారు. దయచేసి చిప్స్ వేయకండి. తిండి కోసం అవి రోడ్డు మీదికి దిగడం అలవాటైతే ఇక ఆ వంతెనలెందుకు?

24 సాయంత్రం ఊళ్లో చర్చికి వెళ్దామని తయారయ్యాం. ఏడున్నరకి హోమ్‌స్టే ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చింది, పక్క తోటలో ఏనుగులున్నాయని. దారి మలుపులో స్తంభానికి ఎర్ర లైటు కూడా వెలిగింది. ఏనుగులు తిరుగుతుంటే అక్కడ అలా ముందే హెచ్చరిస్తారు. ఇక కదలొద్దన్నారు. అత్తయ్య కట్టుకున్న పట్టుచీర విప్పకుండా మంచమ్మీద అలాగే కూర్చుండిపోయారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. పన్నెండు కావస్తుంటే ఆ ఇంటావిడ కొవ్వొత్తులు పట్టుకొచ్చి, అందరినీ వరండాలో కూర్చోబెట్టింది. అత్తయ్య బైబిలు తెరిచి, క్రీస్తు పుట్టిన భాగం తెలుగులో చదివారు. ఆవిడ తమిళంలో కీర్తన అందుకుంది. రాగం మాకూ తెలిసిందే, మేం తెలుగులో కలిపాం. చీకట్లో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. పాప నా కొంగు పట్టుకుంది, కానీ పాట ఆపలేదు.

పొద్దున్న చర్చికి వెళ్లొచ్చాక ఆవిడ తన వంటిల్లు అత్తయ్యకి వదిలేసింది. గసగసాలు నూరి కోడికూర అత్తయ్యే వండారు. ఎంత డబ్బు కట్టినా హోటల్లో ఇలాంటిది దొరకదు.

ఇక లోపాలు. వేడినీళ్లు పొద్దున్న తొమ్మిది దాటితే రావు. క్రిస్మస్ వారం గదికి రోజుకి 4,500 తీసుకున్నారు, భోజనాలతో కలిపే అయినా ఎక్కువే. జలగల సంగతి ముందే చెప్పాల్సింది. తేమ ఇంకా ఆరని గడ్డిలో పాప మడమకి ఒకటి పట్టేసింది. అత్తయ్య వరిచేలో పనిచేసిన మనిషి, కంగారుపడలేదు. "లాగీకండే" అని నన్నాపి, గోరు దాని నోటి కిందికి జొనిపి విడదీశారు. నెత్తురు చాలాసేపు కారింది, అది మామూలేనట. మోకాళ్ల దాకా వచ్చే జలగ మేజోళ్లు కొనుక్కుని వెళ్లండి.

ట్రెక్కింగ్‌కని కట్టించుకున్న దాంట్లో ఏజెంటు సగం డబ్బే తిరిగిచ్చాడు. పై గదికి మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లుంటే కింది గది అడగండి.