ఆరు సీజన్ల తర్వాత: టిక్కా రైఫిల్, దాని మీది స్కోప్, వెనకున్న నేను

2019లో గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన నెలకే ఈ రైఫిల్ కొన్నాను. టిక్కా టి3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మోర్ (అది కాల్చే తూటా రకం పేరు). మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన. ఆఫీసులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన ఒకాయన పట్టుబట్టి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో కూర్చోబెట్టాడు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇక్కడ ఆ సర్టిఫికెట్ లేనిదే వేట లైసెన్సు రాదు. హెచ్1బి మీద ఉన్న మనవాళ్లు తుపాకీ కొనొచ్చా అని అడుగుతుంటారు. మామూలుగా కుదరదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మాత్రం ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. కొనేముందు లాయర్ని అడగండి, నన్ను కాదు. ఇండియాలో చదువుతున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద జింకని ముట్టుకుంటే జైలే.

ముందు రైఫిల్ సంగతి. ఫిన్లాండ్‌లో తయారవుతుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) లేకుండా సుమారు 3 కిలోలు. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో కొండెక్కుతున్నప్పుడు ఆ తేలిక ఎంత హాయో, కాల్చినప్పుడు భుజానికి అంత తెలుస్తుంది. బోల్ట్ (తూటాని లోపలికి తోసే పిడి) మాత్రం వెన్నలో కత్తిలా కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కే బరువుని రెండు పౌండ్ల దగ్గరికి సెట్ చేసుకున్నాను, ఆరేళ్లలో మళ్లీ ముట్టుకోలేదు. వాడే తూటా హోర్నడీ కంపెనీ 143 గ్రెయిన్ (గుండు బరువు) ఈఎల్‌డీ-ఎక్స్. డబ్బా మీద రాసిన వేగం సెకనుకు 2,700 అడుగులు. నా రైఫిల్‌తో క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) పెట్టి చూస్తే దానికి కాస్త తక్కువే వచ్చింది. లెక్కలన్నీ నాకొచ్చిన అంకెతోనే వేసుకుంటాను.

కొన్న కొత్తలో వంద గజాల దగ్గర మూడు గుళ్లు కాల్చి, ముప్పావు అంగుళంలో పడితే ఫొటో తీసి మా బావమరిదికి వాట్సాప్‌లో పంపాను. ఆ ఫొటో ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. మూడు గుళ్లంటే అదృష్టం. బ్యారెల్ చల్లారనిస్తూ పది కాల్చి చూశాను, ఒకటిన్నర అంగుళం వచ్చింది. అంటే నాలుగు వందల గజాల దగ్గర ఆరు అంగుళాలు. మ్యూల్ డీర్ (మేం వేటాడే ఇక్కడి జింక) గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు తొమ్మిది, పది అంగుళాలు ఉంటుంది. ఇంకా గాలి రాలేదు, నా వణుకు రాలేదు, అప్పటికే సగానికి పైగా ఖర్చయిపోయింది. అయినా ఈ ధరకి ఇంతకంటే నేను అడగను.

స్కోప్ దగ్గర నిజంగా దెబ్బ తిన్నాను. మొదట కొన్నదాని పేరు చెప్పను. అద్దం బాగుండేది, సాయంత్రం వెలుతురులో కూడా కొమ్ములు లెక్కపెట్టేంత. రెండో ఏడాది ఆఫీసు పెద్దాయన అడిగాడు, "డయల్ తిప్పి చూశావా?" అని. పెద్ద అట్ట మీద తూకపు గుండు వేలాడదీసి నిలువు గీత గీశాం. స్కోప్ మీద గురిని పైకీ కిందికీ జరిపే ఆ డయల్‌నే టరెట్ అంటారు, దాని కొలత ఎంఓఏ అనే చిన్న కోణం. వంద గజాల దగ్గర టరెట్ 20 ఎంఓఏ పైకి తిప్పితే కాల్చిన గుండు దాదాపు 21 అంగుళాలు పైకెక్కాలి. నాది 20 దగ్గరే ఆగింది. అదొక్కటే అయితే నాలుగు వందల గజాల దగ్గర అంగుళం తేడా, సర్దుకోవచ్చు. మళ్లీ సున్నాకి తిప్పి కాల్చాను. అంగుళంన్నర పక్కన పడింది. ఇంకోసారి తిప్పి తెచ్చాను, ఈసారి ఇంకో పక్కన. సున్నా అని రాసున్న చోట సున్నా లేదంటే ఇక అద్దం ఎంత బాగుంటే ఏం లాభం?

దాని బదులు 2021లో లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ, 4.5-14 రెట్ల జూమ్‌ది తీసుకున్నాను. దీని డయల్ సున్నా దగ్గర తాళం పడుతుంది, బటన్ నొక్కితేనే కదులుతుంది. సంచిలో రాసుకుని తిరిగిపోయే భయం లేదు. ఏటా ఆగస్టులో అదే అట్ట పరీక్ష పెడతాను, నాలుగేళ్లుగా నిలబడింది. స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు మాత్రం ఇప్పుడు నేనే టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో కొలిచే పానా) బిగిస్తాను. మొదటిసారి ఒక షాపులో బిగించినవి మట్టిరోడ్డు మీద ట్రక్కు కుదుపులకే వదులయ్యాయి. స్క్రూ తల మీద నుంచి రింగు మీదికి మా ఆవిడ గోళ్ల రంగుతో గీత గీస్తాను. గీత విరిగితే స్క్రూ కదిలినట్టే. (సీసా తిరిగి ఇవ్వలేదు. అది వేరే పంచాయితీ.)

ఇంకోటి. ఎక్కువ ఎత్తులో గాలి పల్చన, గుండు తక్కువ జారుతుంది. ఏ దూరానికి డయల్ ఎంత తిప్పాలో డెన్వర్ దగ్గర రేంజ్‌లో రాసుకున్న చీటీ తొమ్మిది వేల అడుగుల దగ్గర కొద్దిగా తప్పుతుంది. మూడు వందల లోపు పట్టించుకోనక్కర్లేదు, నాలుగు వందలు దాటితే పట్టించుకోవాలి.

ఇక నేను. రేంజ్‌లో బల్ల మీద ఇసక సంచులు పెట్టుకుని నాలుగు వందల గజాల దగ్గర పదికి పది కొట్టేవాణ్ణి. కొండమీద బల్ల ఉండదు కదా. తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేట్లు పెట్టి, యాభై గజాలు పరిగెత్తి వచ్చి, ఒక్కో ప్లేటుకి ఒక్క గుండు చొప్పున కాల్చాను. పడుకుని, బ్యాగ్ మీద ఆనించి, మూడు వందల దగ్గర పదికి తొమ్మిది. కూర్చుని, కర్రల మీద ఆనించి, అదే దూరంలో పదికి ఐదు. రెండు వందలకి దిగితే ఎనిమిది. సేజ్‌బ్రష్ పొదలు నడుముదాకా పెరిగిన చోట పడుకుంటే ఆకులు తప్ప ఏమీ కనబడవు, కాబట్టి లెక్కలోకొచ్చేది కూర్చుని కాల్చినదే. చలికాలమంతా రాత్రిళ్లు బేస్‌మెంట్‌లో ఖాళీ రైఫిల్‌తో గోడ మీద చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చున్నాను. "ఏమండీ, ఆ చుక్క ఎక్కడికీ పోదు గానీ, డ్రయ్యర్‌లో బట్టలు తీసి మడతపెట్టండి" అని పైనుంచి కేక. నిజానికి రైఫిల్ కంటే ఎక్కువ పనికొచ్చింది ఆ చలికాలమే.

దానికి ముందు 2022లో జరిగింది చెప్పాలి. 380 గజాలు, ఎడమవైపు తిరిగి నిలబడ్డ మగ జింక, మధ్యలో లోయ. నా బుగ్గకి ఎడమ నుంచి మెల్లటి గాలి తగులుతోంది, గంటకు ఐదు మైళ్లనుకుని దానికి సరిపడా జరిపాను. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ సరిగ్గానే చెప్పింది, డయల్ సరిగ్గానే తిరిగింది, ట్రిగ్గర్ కూడా శుభ్రంగానే నొక్కాను. చప్పుడు తర్వాత అర సెకనుకి జింక వీపు వంచి, తలదించుకుని, మెల్లగా నడిచిపోయింది. పరిగెత్తలేదు. అది చూడగానే కడుపులో తిప్పింది, వెనక తగిలిందని తెలిసిపోయింది. అప్పుడు చూశాను లోయ మధ్యలోకి. నా పక్కన గడ్డి ఊరికే తలాడిస్తుంటే, అక్కడ గడ్డి నేలకి ఆనుకుని పడుకునుంది. లోయ గరాటాలా గాలిని లాగుతోంది. కనీసం పదిహేను మైళ్లు. ఆరేడు అంగుళాలు కుడికి, అంటే ఊపిరితిత్తుల నుంచి కాలేయంలోకి. రెండు గంటలు కదలకుండా కూర్చుని, తర్వాత ముదురు రంగు రక్తం చుక్కలు పట్టుకుని వెళ్లాం. ఆరు వందల గజాల అవతల జునిపర్ చెట్టు కింద దొరికింది. అప్పటికే చనిపోయింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పటి నుంచి నా హద్దు మూడు వందలు, గాలి లేనప్పుడు, పడుకోగలిగితేనే. కూర్చుంటే రెండు వందలు. ఐదు వందల గజాల దగ్గర కూడా ఈ గుండుకి 1,300 అడుగు-పౌండ్ల శక్తి ఉంటుందని కంపెనీ పట్టిక చెబుతుంది. పట్టిక గుండు గురించే చెబుతుంది, కాల్చేవాడి గురించి కాదు. ఆరువందల గజాల జింకల వీడియోలు చూసి నన్ను అడిగేవాళ్లకి పేపర్ ప్లేట్ల సంగతే చెబుతాను. చాలామంది రెండో మెసేజ్ పెట్టరు.

డబ్బులు ఇప్పుడు పెడితే ఎలా పెడతానంటే, రైఫిల్ ఇదే. స్కోప్‌కి రైఫిల్ అంత ఖర్చుపెడతాను. పెద్ద జూమ్ కోసం ఒక్క డాలర్ ఎక్కువ పెట్టను, వేటలో 8 దాటి తిప్పిన గుర్తు లేదు. మిగిలినదంతా గుళ్లకి.

2024 డ్రాలో (వేట అనుమతుల లాటరీ) ట్యాగ్, అంటే ఒక జింకకి అనుమతి, తగిలింది. మూడో రోజు పొద్దున 430 గజాల దగ్గర, సేజ్‌బ్రష్ నీడలో మంచి కొమ్ములున్నది పడుకునుంది. ఎదురుగాలి. ఆరెంజ్ చొక్కాతో బోర్లా పాకుతూ గంటా ఇరవై నిమిషాల్లో 190కి చేరాను. అది లేచి ఒళ్లు విరుచుకునేదాకా ఇంకో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఒక్క గుండు, ముప్పై గజాల్లో పడిపోయింది. తల సీడబ్ల్యూడీ (జింకల మెదడుకొచ్చే జబ్బు) పరీక్షకి ఇచ్చి, ఫలితం బాగానే వచ్చాక గోంగూర వేసి వండింది మా ఆవిడ. మోకాళ్లలో దిగిన కాక్టస్ ముళ్లు మాత్రం దీపావళి దాకా ఒక్కోటీ బయటికొస్తూనే ఉన్నాయి.