కౌన్సిల్ వారి పార్కింగ్ ఫిర్యాదు ఫారం, మా మామయ్యగారి రిజిస్టరు

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. నిజానికి అందులో ఒకటిన్నర మా మామయ్యగారికి చెందాలి.

మేముండేది ఇంగ్లండ్‌లో, లండన్ నుంచి రైల్లో గంట దూరం. మా కౌన్సిల్ (అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) పేరు చెప్పను, రేపు కూడా మా చెత్త డబ్బా ఎత్తాల్సింది వాళ్ళే. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ప్రైమరీ స్కూలు ఉంది. ఇల్లు అమ్మిన ఏజెంటు దాన్నే పెద్ద ప్లస్ పాయింటుగా చెప్పాడు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా, మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా మా వీధి పెళ్ళివారి విడిదిలా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

నేను ఫార్మసీలో పని చేస్తాను. తొమ్మిదికి షట్టరు ఎత్తాలి, తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఎనిమిదీ నలభైకి కారు బయటికి తీద్దామంటే ఎదురుగా వెండి రంగు కారు అడ్డంగా ఉంటుంది, నాలుగు లైట్లూ మిణుకు మిణుకుమంటూ. ఆ లైట్లు వేస్తే ఎక్కడైనా ఆపుకోవచ్చని ఈ దేశంలో చాలామందికి గట్టి నమ్మకం. అడిగితే "రెండే నిమిషాలు, లవ్" అంటుంది పిల్లని దింపడానికొచ్చిన ఆ కారావిడ. ఆ రెండు నిమిషాలు పదిహేను అవుతాయి.

కౌన్సిల్ వెబ్‌సైటులో ఫారం నింపడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మ్యాపులో మన చోటు చూపించే పిన్ను ఎన్నిసార్లు పెట్టినా పక్కింటివాళ్ళ గులాబీ మొక్కల్లోకే పోయింది. కారు రంగు, నంబరు, కంపెనీ అన్నీ అడుగుతారు, మూడు ఫొటోలు పెట్టనిస్తారు. ఫొటోలు పెట్టాక కింద చిన్న అక్షరాల్లో కనబడింది: మీ ఫొటోల ఆధారంగా జరిమానా వేయలేము, మా ఆఫీసరు స్వయంగా చూడాలి. మరి పెట్టమనడం ఎందుకు? ఇది చెప్తే మామయ్యగారు నవ్వారు. "హైదరాబాదులో ట్రాఫిక్ వాళ్ళకి వాట్సాప్‌లో ఫొటో పంపితే చలానా ఇంటికొస్తుంది కదమ్మా, వీళ్ళేమిటి ఇంత వెనకబడ్డారు?"

రెండు వారాలకి జవాబొచ్చింది. మా అధికారి వచ్చి చూశారు, ఉల్లంఘన ఏదీ కనబడలేదు, కేసు మూసేశాం అని. ఎన్నింటికి చూశారయ్యా అంటే పదకొండుంబావుకి! ఆ టైములో మా వీధిలో పిల్లి కూడా ఉండదు. మళ్ళీ ఫారం నింపాను, ఇంకో కొత్త రిఫరెన్సు నంబరు ఇచ్చారు. పాత నంబరుకీ దీనికీ సంబంధం లేదట, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒక స్టారు కోసేసింది ఇక్కడే.

ఒకరోజు కారు నిజంగానే ఇరుక్కుపోయి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే, బండిని అక్కడి నుంచి లాగించే పని మాది కాదు, మేం జరిమానా మాత్రమే వేస్తాం, బయటికి రాలేకపోతే 101కి, అంటే అత్యవసరం కాని విషయాలకి ఉన్న పోలీసు నంబరుకి, చేయండి అన్నారు. 101 వాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారు. వాళ్ళతో మాట్లాడుతుండగానే ఆవిడ వచ్చి కారు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక మామయ్యగారి సంగతి. ఏప్రిల్‌లో ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో చేసి, బస్టాండు కంట్రోలరుగా రిటైరయ్యారు. ఇక్కడ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గది కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప ఆయనకి వేరే పని లేదు. నా టెన్షన్ రోజూ చూస్తున్నారు. ఒక సోమవారం మా అబ్బాయి పాత లెక్కల నోటుబుక్కు అడిగి తీసుకుని, స్కేలు పెట్టి గీతలు గీశారు. తేదీ, బండి నంబరు, రాక, పోక, రిమార్కులు. నేను పట్టించుకోలేదు, కాలక్షేపం అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆ పుస్తకం నా చేతికిచ్చారు. ఇరవై రెండు ఎంట్రీలు. రాక 8:37, పోక 8:52. రిమార్కుల్లో "డ్రైవరు లేడు", "ఆవిడ ఫోన్లో", ఒకచోట "నన్ను చూసి చెయ్యి ఊపినది". మే నెలాఖర్లో స్కూలుకి వారం సెలవులొచ్చాయి. ఆ వారం ఐదు రోజులకీ కలిపి అడ్డంగా ఒకటే గీత, పక్కన "సర్వీసులు లేవు" అని రాశారు. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "చూశావా అమ్మాయ్, వెండి కారు రోజూ రాదు. మంగళవారం, గురువారం మాత్రమే. మిగతా రోజులు ఆ పిల్లని వాళ్ళ నాన్న తెస్తాడు, అతను బుద్ధిగా చివరి సందులో ఆపి నడిపించుకొస్తాడు" అన్నారు. ఏడాదిన్నరగా ఆ వీధిలో ఉంటూ, రోజూ వస్తుందని ఒట్టేసి చెప్పినదాన్ని నేను.

అప్పటికే ఫారాలతో విసిగి కౌన్సిల్ తీరు మీదే నేను పెట్టిన మొదటి దశ ఫిర్యాదుకి వాళ్ళ నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది. అందులో సగం ఊకదంపుడు. కాకపోతే ఒక ముక్క పనికొచ్చింది. ఇంట్లోకి కారు వెళ్ళడానికి ఫుట్‌పాత్ అంచు కిందికి దించి ఉంటే దాన్ని ఇక్కడ డ్రాప్డ్ కర్బ్ అంటారు. 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం 86వ సెక్షన్ ప్రకారం దానికి అడ్డంగా ఆపకూడదు, పార్కింగ్ వద్దని చెప్పే పసుపు గీత రోడ్డు మీద లేకపోయినా సరే. అయితే ఆ ఇంట్లో వాళ్ళ అనుమతితో ఆపితే తప్పు కాదు కాబట్టి, మాలాంటి ఇంటి ముందైతే ఇంటివాళ్ళు అడిగితేనే మా కౌన్సిల్ టికెట్ వేస్తుందట. ఎదురింటావిడ జాలిపడి నా తరఫున పెట్టిన ఫిర్యాదు ఎందుకు గాల్లో కలిసిందో అప్పుడు తెలిసింది. ఫుట్‌పాత్ మీదికి సగం ఎక్కించిన కార్ల గురించి కూడా అడిగాను. అది లండన్‌లో 1974 నుంచే నిషేధం. మాది లండన్ కాదు, అంతే.

రెండో దశకి వెళ్ళాను. అక్కడా తేలకపోతే కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి, అంబుడ్స్‌మన్ దాకా ఉచితంగా వెళ్ళొచ్చు, ఆ అవసరం రాలేదు. మామయ్యగారి రిజిస్టరుని ఇంగ్లీషులో టైపు చేసి జత చేశాను. నాలుగో రోజున ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది, యంత్రం కాదు, మనిషే. "అందరూ రోజూ అడ్డం పెడుతున్నారనే రాస్తారు. మాకున్న మనుషులతో రోజూ రాలేం. మీరు మంగళ, గురువారాలు, ఎనిమిదీ ముప్పై ఏడు అని రాశారు" అంది. ఇది ఎవరు రాశారని అడిగింది కూడా. చెప్పాను. "ఆయన మా దగ్గర పని చేస్తారా?" అని నవ్వింది. ఒక స్టారు ఆవిడకి.

జూన్ చివర్లో ఒక గురువారం, ఎనిమిదిన్నరకే జరిమానాలు వేసే కౌన్సిల్ ఆఫీసరు, పార్కింగ్ వార్డెన్ వచ్చాడు. పక్కింటి కంచె పక్కన నిలబడ్డాడు. మామయ్యగారు కిటికీ కర్టెన్ కాస్త పక్కకి జరిపి, "వచ్చాడు, వచ్చాడు" అని గుసగుసగా. 8:38కి వెండి కారు వచ్చింది. ఆవిడ పిల్లని దింపి గేటు వైపు పరుగు తీసింది. వార్డెన్ తీరిగ్గా నడిచొచ్చి చేతి మిషన్లో నంబరు కొట్టాడు. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫొటోలు తీశాడు. వంగి, దిగిన ఫుట్‌పాత్ అంచు, కారు చక్రం ఒకే ఫొటోలో పడేలా ఇంకోటి తీశాడు. నడుముకున్న చిన్న ప్రింటరు కిర్రుమని కాగితం కక్కింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అద్దానికి అంటించాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఈసారి నిజంగానే రెండు నిమిషాలు.

జరిమానా డెబ్బై పౌండ్లు. పద్నాలుగు రోజుల్లో కడితే సగం. "ముప్పై అయిదు పౌండ్లంటే మన డబ్బుల్లో ఎంతమ్మా?" అని అడిగారు మామయ్యగారు. నాలుగు వేల దాకా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆవిడ తిరిగొచ్చి కవరు పీకి, కారులో కూర్చుని తల స్టీరింగు మీద పెట్టుకుంది. "పాపం" అన్నారు మామయ్యగారు. అన్నాక పుస్తకం తెరిచి రిమార్కుల్లో "చలానా" అని రాశారు.

ఆ తర్వాత జూలైలో స్కూలు మూసేదాకా వార్డెన్ నాలుగుసార్లు వచ్చాడు, సెప్టెంబరులో ఒకసారి. వెండి కారు మాత్రం మళ్ళీ మా గేటు దగ్గర ఆగలేదు. మిగతావాళ్ళు అప్పుడప్పుడూ ఆపుతూనే ఉన్నారు. కావాలంటే మీ ఇంటి ముందు తెల్లగీత గీస్తాం అన్నారు కౌన్సిల్ వాళ్ళు, ఫీజు మేమే కట్టుకోవాలి. ఆ గీతకి సొంతంగా చట్టబలం లేదని వాళ్ళే చెప్పారు. వద్దన్నాను.

ఇవాళే వచ్చి అడ్డంగా ఉన్న కారు లాక్కుపోతారని ఈ ఫారం నింపితే మాత్రం బీపీ తప్ప ఏమీ రాదు. ఇంటివాళ్ళే నింపాలి, ఏయే రోజుల్లో, ఎన్నింటికో నిమిషాలతో సహా రాయాలి, మొదటి జవాబుతో ఆగకూడదు.

మామయ్యగారు నెలారంభంలో వెళ్ళిపోయారు. పుస్తకం కిటికీ గట్టు మీదే ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది. తెనాలిలో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, అంటే మాకు తొమ్మిదికి, ఫోన్ వస్తుంది. నేను షట్టరు ఎత్తుతూ తీస్తాను. భోజనం అయిందా మామయ్యగారూ అంటే, "అది సరే అమ్మాయ్, ఇవాళ ఎవరొచ్చారు?" అంటారు.