కొమ్మలు తురిమే చిన్న ఎలక్ట్రిక్ చిప్పర్ కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీది అంకె కాదు, మోటారు ప్లేటు చదవండి

మూడు నెలలు తిరగకుండానే నా చిప్పర్ మోటారు కాలిపోయింది. వారంటీ రెండేళ్లు ఉంది కదా అని ధైర్యంగా సర్వీసు కేంద్రానికి తీసుకెళ్తే, వాడిన పద్ధతి సరికాదు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. ఆ పద్ధతి ఏమిటో విన్నాక నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు, అమ్మినవారు చెప్పలేదు. తోట చెత్త కోసం ఇలాంటి యంత్రం కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో రెండే మాటలున్నాయి: 2500 వాట్ల మోటారు, 45 మిల్లీమీటర్ల లావు కొమ్మల వరకు. ఆ రెండూ చూసే కొన్నాను. మెకానిక్ యంత్రాన్ని బోర్లించి, చక్రాల మధ్య దుమ్ము పట్టి ఉన్న చిన్న ప్లేటును గుడ్డతో తుడిచి చూపించాడు.

"ఇక్కడ చూడండి సార్. ఎస్6, 40 శాతం అని ఉంది."

"అంటే ఏమిటి బాబూ?"

"పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే కొమ్మలు పెట్టాలండి. మిగతా ఆరు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. మీరు ఆపకుండా పెట్టి ఉంటారు."

అవును, ఆపకుండానే పెట్టాను. కొమ్మల కుప్ప ఎదురుగా ఉన్నప్పుడు ఎవరైనా అలాగే పెడతారు. కొన్ని యంత్రాల మీద ఇదే విషయం పి40 అని ఉంటుంది. 2500 వాట్లన్నది ఆ మోటారు గంటల తరబడి మోయగల భారం కాదు, మధ్యమధ్య విశ్రాంతి దొరికితే మోయగల భారం. ఆగకుండా ఎంతసేపైనా పనిచేయగల సామర్థ్యాన్ని ఎస్1 అంటారు. కొన్ని ప్లేట్ల మీద రెండు అంకెలూ ఉంటాయి, అప్పుడు ఎస్1 అంకె తక్కువగా ఉంటుంది. మీరు పోల్చి చూడాల్సింది ఆ తక్కువ అంకెనే. ఎస్6 మాత్రమే ఉంటే లెక్క ఇలా వేసుకోండి: గంటలో కొమ్మ పెట్టగలిగేది 24 నిమిషాలు. రెండు గంటల్లో అయిపోతుందనుకున్న కుప్పకు ఐదు గంటలు పడుతుంది. ఆ ఆరు నిమిషాలూ స్విచ్చు ఆపేయడం కన్నా యంత్రాన్ని ఖాళీగా తిరగనివ్వడమే మేలు, మోటారుతో పాటు తిరిగే ఫ్యాను గాలే లోపలి వేడిని బయటికి తోస్తుంది.

ఇక ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. కొట్టి పడేసి చాలా రోజులైన ఒక కొమ్మ, లావు బొటనవేలికి కొంచెం ఎక్కువ. 45 మిల్లీమీటర్లలో సగం కూడా లేదు. గరాటులో పెట్టగానే బ్లేడు దాన్ని ఒకసారి కొరికింది, చప్పుడు సన్నగా ఉన్నది కాస్తా బరువెక్కింది, తర్వాత మూలుగులా మారి బ్లేడు చక్రం నిలిచిపోయింది. రెండు క్షణాలకు ఓవర్‌లోడ్ స్విచ్చు టక్కున పడిపోయింది. చల్లారాక బొత్తాం నొక్కి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగింది. అలా ఒక మధ్యాహ్నంలో ఆరేడుసార్లు. చివరిసారి గాలి వచ్చే కంతల్లోంచి కాలిన వార్నిష్ వాసన, ఆ వెంటనే సన్నటి తెల్లటి పొగ. బయటి ప్లాస్టిక్ తొడుగు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా మాత్రమే ఉంది. లోపల వైండింగ్, అంటే మోటారులోని రాగి తీగ చుట్ట, మాత్రం అప్పటికే మాడిపోయింది.

చక్రం ఇరుక్కుని మోటారు తిరగలేనప్పుడు అది మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. ఓవర్‌లోడ్ స్విచ్చు ఒకసారి కాపాడుతుంది, రెండుసార్లు కాపాడుతుంది. వైండింగ్ పూర్తిగా చల్లారక ముందే మనం బొత్తాం నొక్కుతూ పోతే దాని చేతిలో ఏమీ ఉండదు. స్విచ్చు పడిందంటే అరగంటైనా పక్కన పెట్టండి. ఒకే మధ్యాహ్నం మూడోసారి పడిందంటే ఆ కొమ్మలు ఆ యంత్రం చేయగల పని కాదని అర్థం.

కొమ్మ లావు సంగతి వేరుగా చెప్పుకోవాలి. పెట్టె మీది గరిష్ఠ లావు పచ్చిగా, మెత్తగా, నిటారుగా ఉన్న కొమ్మకు వర్తించేది. ఎండిన గట్టి కర్ర దారి వేరు. పైగా లావు రెండింతలైతే బ్లేడు కోయాల్సిన కర్ర రెండింతలు కాదు, నాలుగింతలు. నా అనుభవంలో పచ్చి కొమ్మలైతే ఆ అంకెలో సగం దాకా ఇబ్బంది లేదు. సగం దాటిన పచ్చి కొమ్మలను నెమ్మదిగా పెట్టుకోవాలి. కొట్టిన కొమ్మలను ఎండకముందే, వారంలోపే పెట్టేయాలి, ఎండిపోయినవైతే రంపంతో కోసి పక్కన పెట్టుకోవాలి. వంకర కొమ్మలు, పంగలున్న కొమ్మలు అసలు గరాటులోకి దిగవు. చెయ్యి లోపలికి పోకుండా ఆ దారిని ఇరుకుగా చేస్తారు, అది మంచికే. కానీ దాని వల్ల ప్రతి పక్కకొమ్మనూ కత్తెరతో కత్తిరించి నిటారు పుల్లలుగా చేసి పెట్టుకోవాలి. నా సమయంలో సగానికి పైగా కత్తెర దగ్గరే పోయింది. యంత్రం కొంటే చేతిపని తప్పుతుందనుకునేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

తడి ఆకులు ఇంకో బెడద. బ్లేడు వాటిని ముద్ద చేస్తుంది, ముద్ద బయటికి వచ్చే దారిలో అట్టకట్టుకుంటుంది, కాసేపటికి ఏదీ బయటికి రాదు. ఆకులూ పుల్లలూ మార్చి మార్చి పెడితే పుల్ల ముక్కలు ఆకు ముద్దను తోసుకుపోతాయి. పని ముగించే ముందు రెండు గట్టి పుల్లలు పెట్టి దారి శుభ్రం చేయాలి. తీగలూ పీచు మట్టలూ ఇరుసుకు చుట్టుకుంటాయి, వాటిని దీనికి పెట్టకండి. వేళ్లకు అంటిన మట్టి బ్లేడు పదునును ఒక్క పూటలో తినేస్తుంది.

వైరు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. 2500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. నేను తోట చివరిదాకా వేసిన ఎక్స్‌టెన్షన్ వైరు 50 మీటర్లు, లోపలి రాగి తీగ మందం 0.75 చదరపు మిల్లీమీటర్లు. అంత సన్నటి తీగలో పోనూ రానూ 100 మీటర్ల దారిలో పాతిక వోల్టులకు పైగా పోతాయి. వోల్టేజి తగ్గిన మోటారుకు బలం తగ్గుతుంది, త్వరగా ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న కొద్దీ వేడెక్కుతుంది. 25 మీటర్ల లోపైతే కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, అంతకు మించితే 2.5 ఉండాలి. చుట్టకు చుట్టి ఉన్న వైరును పూర్తిగా విప్పి పరచండి, చుట్టలో ఉంటే వేడి బయటికి పోక పైతొడుగు కరిగే ప్రమాదముంది. లీకేజీ కరెంటును పట్టి వెంటనే సరఫరా ఆపే బ్రేకర్ లేకుండా ఇలాంటి యంత్రాన్ని ఆరుబయట వాడవద్దు.

డబ్బు పోతే పోయింది. నన్ను ఇప్పటికీ భయపెట్టే విషయం వేరే ఉంది. ఒకసారి బయటికి వచ్చే దారిలో ఆకు ముద్ద ఇరుక్కున్నప్పుడు స్విచ్చు ఆపాను, చప్పుడు తగ్గింది, గరాటును పక్కకు వంచి చూశాను. బ్లేడు చక్రం ఇంకా తిరుగుతోంది. మూత విప్పితే మోటారుకు కరెంటు ఆగిపోతుంది, నిజమే, కానీ నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే బరువైన చక్రం వెంటనే నిలబడదు. చేతి తొడుగు అంచు దానికి బెత్తెడు దూరంలో ఉంది. కాబట్టి ఇరుక్కుంటే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు పీకి మీ కంటికి ఎదురుగా పెట్టుకోండి. చక్రం పూర్తిగా ఆగిందని చూశాకే మూత ముట్టుకోండి. ఆకులు తోయడానికి వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కర్రే వాడండి. వదులు చేతుల చొక్కా, వేలాడే కొంగు, తాడు ఏదీ దగ్గర ఉండకూడదు. పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు. పొడవాటి కొమ్మ లోపలికి లాగబడేటప్పుడు దాని వెనక చివర కొరడాలా కొడుతుంది, అందుకని ఎదురుగా నిలబడకుండా పక్కగా నిలబడండి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.

చెవుల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. 85 డెసిబెళ్ల మోతను రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది పావుగంటే. వేగంగా తిరిగే బ్లేడు యంత్రం పక్కన చెవి కప్పులు లేకుండా నిలబడకూడదు.

మళ్లీ కొనాల్సి వస్తే నేను బ్లేడు యంత్రం జోలికి పోను. పళ్ల చక్రం ఉండే రోలర్ రకం నిమిషానికి 40 చుట్ల దాకా మాత్రమే తిరుగుతుంది, కొమ్మను తనే లోపలికి లాక్కుంటుంది, మోత బాగా తక్కువ, ఇరుక్కుంటే వెనక్కి తిప్పే స్విచ్చు ఉంటుంది. అది ఆకులను తురమదు, నలిపి వదులుతుంది. ముక్కలు తెగకుండా దండలా వేలాడుతూ వస్తే, చక్రానికి ఎదురుగా ఉండే అల్యూమినియం పలకను దగ్గరికి జరిపే పక్క మరను కొద్దికొద్దిగా బిగించాలి. కింద మెరిసే అల్యూమినియం పొడి కాస్త రాలగానే ఆపేయాలి. నా దగ్గరి బంధువు ఒకరు అదే వాడుతున్నారు, ఆయన దగ్గర నిలబడి నేనే బిగించి చూశాను. అయితే చాలావాటి ప్లేటు మీద కూడా 40 శాతమనే ఉంటుంది, ఆ నిబంధన దానికీ ఉంది.

కొనే ముందు అమ్మేవారిని మోటారు ప్లేటు ఫొటో అడగండి. ఇవ్వకపోతే కొనకండి. విడి బ్లేడు దొరుకుతుందా, బ్లేడును తిప్పి రెండో అంచు వాడుకోవచ్చా అని అడగండి. వారంటీ పత్రంలో మోటారు గురించి రాసిన వాక్యాన్ని కొనక ముందే చదవండి. పెట్టెను మాత్రం పారేయకండి. నేను పారేయకపోవడం వల్లే ఇవాళ పెట్టె మీది 2500 వాట్ల బొమ్మనూ, అడుగునున్న ప్లేటునూ ఒకే ఫొటోలో పక్కపక్కన పెట్టి అమ్మినవారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపగలిగాను. పంపి 19 రోజులైంది, జవాబు ఇంకా రాలేదు.