మునిన్ ఆడాలా, లాస్ట్ వైకింగ్స్ ఆడాలా? రెండూ నార్స్ (పాతకాలపు స్కాండినేవియా) నేపథ్యం ఉన్న పజిల్ వీడియో గేమ్‌లే.

కథ: మునిన్ (2014)లో మీరు నార్స్ దేవతల రాజు ఓడిన్ పెంచుకునే బొంతకాకి. కపట దేవుడు "లోకి" చేసిన మాయకు ఈకలు పోయి, అమ్మాయిగా మారి, ఇగ్‌డ్రసిల్ అనే మహావృక్షం మోసే లోకాలన్నీ తిరిగి వాటిని ఏరుకోవాలి. లాస్ట్ వైకింగ్స్ (1993)లో పురాణం పేరుకే. ముగ్గురు వైకింగ్‌లను (నార్స్ సముద్ర యోధులను) గ్రహాంతరవాసి ఎత్తుకుపోతాడు, మిగతాదంతా వెటకారం.

బుర్రకు పని: మునిన్‌లో తెరలో ఒక ముక్కను తిప్పితే గోడ కాస్తా నేలవుతుంది, నిలువు నిచ్చెన అడ్డం పడుతుంది. వైకింగ్స్‌లో ఎరిక్ దూకుతాడు, బేలియాగ్ బాణం వేస్తాడు, ఓలఫ్ డాలు పట్టుకుంటాడు. ఓలఫ్ డాలు నెత్తిన పెడితే ఎరిక్ దానిమీదెక్కి పైగట్టు అందుకోవచ్చు. ఆ ఒక్క ఎత్తు తట్టినప్పుడు వచ్చే మజా మునిన్‌లో నాకు దొరకలేదు.

రిస్క్: వైకింగ్స్‌లో ముగ్గురూ గమ్యం చేరాలి. ఒక్కడు పోయినా లెవెల్ మళ్లీ మొదటికే. చిరాకే, ఒప్పుకోవాల్సిందే.

ఖర్చు: వైకింగ్స్ 2021 నాటి బ్లిజార్డ్ ఆర్కేడ్ కలెక్షన్‌లో వేరే పాత గేమ్‌లతో కలిపి వస్తుంది. మునిన్ విడిగా కొనాలి.

నార్స్ లోకాల మీద మోజుంటే, ఒంటరిగా నింపాదిగా ఆడాలనుకుంటే మునిన్. పక్కన తమ్ముడో చెల్లో కూర్చుని "అలా కాదురా" అంటూ సలహాలిస్తుంటే వైకింగ్స్.