ఆగమన కాలంలో ఆనాటి పఠనాలా, రోజుకో పునీతుడా: ఏది మేలు?

క్రిస్మస్‌కు ముందు వచ్చే సుమారు నాలుగు వారాలే ఆగమన కాలం. నవంబరు చివరి వారం వచ్చిందంటే మా ఇంట్లో ఈ మాట లేస్తుంది. రాత్రి జపమాల అయ్యాక ఏం చదువుకుందాం? మా ఆయన ఆనాటి పూజ పఠనాలే, అంటే ఆ రోజు పూజకు మా క్యాతలిక్ శ్రీసభ నిర్ణయించిన బైబిలు భాగాలే, చదవాలంటారు. పిల్లలకు పునీతుల (సెయింట్ల) కథలు కావాలి. పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మా అత్తమ్మ ఫోన్‌లో ఏదో ఒక ఫాదర్ గారి ప్రసంగం వింటూ నిద్రపోతుంది. మూడూ కొన్నేళ్లు చేసి చూశాం. తిరుపతిలో మాలాగే ఉద్యోగాలు, ట్యూషన్లు పోగా పావుగంట మిగిలే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, నాకు తోచింది చెబుతాను.

ముందు పఠనాలు. సామాన్య కాలంలో, అంటే పెద్ద పండుగల కాలాలు కాని రోజుల్లో, వారపు రోజుల మొదటి పఠనం ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది ఇంకొకటి వస్తుంది. ఆగమన కాలంలో అలా కాదు. ఆదివారాలు, పండుగలు తప్పిస్తే మిగతా రోజుల పఠనాలు దాదాపు ప్రతి ఏడూ అవే. ఈ సంగతి తెలిశాక ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. రోజుకో పేజీ. నిరుడు రాసుకున్న రెండు వాక్యాల కింద ఈ ఏడు రెండు వాక్యాలు. అదే యెషయా ప్రవక్త గ్రంథం, అదే సువిశేషం (యేసు జీవితం చెప్పే భాగం). మారింది మా ఇల్లు మాత్రమే.

ఆ నోట్‌బుక్‌లో నేను ఎక్కువసార్లు తిప్పే పేజీ మొదటి వారం గురువారానిది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తింది కదా. సరిగ్గా రెండు వారాలకు, డిసెంబరు 2న, ఆ గురువారం వచ్చింది. సువిశేషం మత్తయి 7: వాన కురిసింది, వరదలు వచ్చాయి, రాతిమీద కట్టిన ఇల్లు నిలిచింది, ఇసుకమీద కట్టినది కూలింది. ఎవరూ మా కోసం ఏరి పెట్టిన వాక్యం కాదు. గోడల మీద తడి మరక ఇంకా ఆరలేదు. చదువుతూ చదువుతూ మా ఆయన గొంతు ఆగిపోయింది. ఆ రాత్రి మాకు వ్యాఖ్యానం అవసరం రాలేదు.

అదే వారం శనివారం యెషయా 30వ అధ్యాయం. విత్తిన గింజకు దేవుడు వాన ఇస్తాడు, పశువులు విశాలమైన బీళ్లలో మేస్తాయి అని ఉంటుంది. రెండు ఆవులు పెట్టుకుని పాలు పోసే మా అత్తమ్మకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, "మన ఆవుల సంగతి గూడా దేవునికి తెలుసునే!" అంది.

కష్టం లేదని కాదు. యెషయాలో లెబానోను, కర్మెలు, షారోను అని వస్తుంటే పిల్లలు ఆవలిస్తారు. పెద్దవాళ్లు ఎవరైనా ముందే ఒకసారి చదివి పెట్టుకోకపోతే ఆ పావుగంట ఊరికే పోతుంది.

ఇక పునీతులు. డిసెంబరు 3న ఫ్రాన్సిస్ శౌరి వారి పండుగ. మన ఊళ్లలో శౌరి, శౌరమ్మ అనే పేర్లు ఆయనవే అని చెప్పగానే పిల్లలు లేచి కూర్చుంటారు. 1542లో గోవాలో దిగి, ముత్యాల రేవుల్లోని జాలరుల మధ్య తిరిగి, జపాను దాకా వెళ్లిన మనిషి. చివరికి చైనా తీరం దగ్గర ఒక చిన్న దీవిలో, తనను అవతలికి తీసుకెళ్లే పడవ కోసం ఎదురుచూస్తూ 1552లో కన్నుమూశారు. అప్పటికి 46 ఏళ్లు. ఎదురుచూడటం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. ఆయన సభవాళ్లే, జెస్విట్ గురువులు, 18వ శతాబ్దం మొదట్లో మన పుంగనూరు దాకా వచ్చారు.

అయితే ఒకటి గమనించాను. పునీతుల పండుగలు చాలావరకు వాళ్లు చనిపోయిన తేదీన వస్తాయి. 6న నికోలాసు, 7న అంబ్రోసు (ఈయనది మాత్రం బిషప్పు అయిన రోజు), 13న లూసియమ్మ, 14న సిలువ యోహాను. ఎవరికి వారు గొప్పవాళ్లే. కానీ ఒకరి తర్వాత ఒకరు రావడంలో ఆగమన కాలానికి సంబంధించిన వరుసేమీ లేదు. పైగా గ్రూపుల్లో తిరిగే కథల్లో ఏది చరిత్రో, ఏది తర్వాత కలిపిందో తెలియదు. "ఇది నిజంగా జరిగిందా అమ్మా?" అని అడిగితే, తెలియనప్పుడు తెలియదనే చెబుతాను.

నా మనసును పఠనాల వైపు తిప్పింది మాత్రం శ్రీసభ చేసిన ఒక పని. మన దేశానికి సువార్త తెచ్చారని మనం నమ్మే అపొస్తలుడు తోమా వారి పండుగ ఒకప్పుడు డిసెంబరు 21న ఉండేది. 1969లో దాన్ని జూలై 3కు జరిపారు. ఆగమన కాలం చివరి రోజుల పఠనాలకు అడ్డు రాకూడదనే. అపొస్తలుడే పక్కకు జరిగి దారి ఇచ్చాడంటే ఆ రోజుల విలువ ఎంతో ఆలోచించండి. 17న మత్తయి రాసిన వంశావళి, 18న మరియమాత భర్త జోజప్ప గారి కల, 19న స్నాపక యోహాను తండ్రి జెకర్యా మూగబోవడం, 20న గాబ్రియేలు మరియమాత దగ్గరకు రావడం, 21న ఎలిజబెతమ్మ ఇంటికి ఆమె ప్రయాణం, తర్వాత మాత స్తుతిగీతం, యోహాను పుట్టుక, 24 ఉదయం జెకర్యా పాట. ఒక్క రోజు తప్పినా కథలో గండి పడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున పక్కింట్లోంచి తిరుప్పావై వినిపిస్తుంది. ముప్పై రోజులకు ముప్పై పాశురాలు; పక్కింటి అక్క జ్వరం వచ్చినా వరుస తప్పనివ్వదు. ఆమెను చూశాకే మేమూ ఆ ఎనిమిది రోజులు ఎక్కడికెళ్లినా బైబిలు వెంట పెట్టుకుంటున్నాం.

ఫోన్ ప్రసంగాల గురించి ఎక్కువ చెప్పను. కంటి ఆపరేషన్ అయిన మా అత్తమ్మలాంటి వాళ్లకు అవి నిజంగా వరం. చదవగలిగినవాళ్లు మాత్రం ముందు వాక్యం చదివి, తర్వాత వింటే మంచిది.

కాబట్టి మేము పెట్టుకున్న పద్ధతి ఇది: రోజూ పఠనాలు, 3న, 6న, 13న వాటితోపాటు పునీతుల కథ, 17 నుంచి పఠనాలు మాత్రమే. డిసెంబరు 8న ఎటూ పేచీ లేదు. నిష్కళంక మాత (మరియమాత) పండుగ, ఆనాటి సువిశేషమూ ఆమెదే. పదేళ్లలోపు పిల్లలే ఉన్న ఇల్లయితే తిప్పి చేయండి: పునీతుడి కథతో మొదలుపెట్టి, సువిశేషంలో ఒక్క వాక్యం చదివి ముగించండి.

17న వంశావళి చదివే వంతు ఈసారి మా చిన్నోడిది. తామారు, రాహాబు, రూతు బాగానే పలుకుతున్నాడు. జెరుబ్బాబెలు దగ్గర ఇంకా తడబడుతున్నాడు.